డెమో క్లాసు మావయ్య

మా మావయ్య ఇరవై ఏళ్లుగా ఇంగ్లీషు నేర్చుకుంటున్నాడు. ఇప్పటికీ నౌన్ దగ్గరే ఉన్నాడు. కదల్లేదని కాదు. ఇంటర్జెక్షన్ దాకా వెళ్లి, మళ్లీ నౌన్ దగ్గరికొస్తాడు.

తప్పంతా ఆయనదనలేం. అమీర్‌పేటలో ఆయన ఎక్కిన ప్రతి మేడ మీదా స్పోకెన్ ఇంగ్లీషుకి మొదటి మూడు రోజులూ డెమో, ఉచితం. డెమోలో చెప్పేది పార్ట్స్ ఆఫ్ స్పీచ్. నాలుగో రోజు టెన్సులు మొదలవుతాయి, ఫీజూ మొదలవుతుంది. నాలుగో రోజు మావయ్య మరో మేడ ఎక్కుతుంటాడు.

ఆయన నోటుపుస్తకాలు అటక నిండా ఉన్నాయి. ప్రతిదాంట్లోనూ మొదటి ఆరు పేజీలు ముత్యాల్లాంటి రాత, ఎర్ర ఇంకు మార్జిను. ఏడో పేజీ నుంచి అత్తయ్య పాలలెక్క.

అలాగని ఆ ఆరు పేజీల్లో ఆయన్ని కొట్టేవాడు లేడు. దొరికామా, కూర్చోబెట్టి చెప్తాడు. "మనకి భాషాభాగాలు ఐదేరా. నామవాచకం, సర్వనామం, విశేషణం, క్రియ. మిగిలిన సామానంతా అవ్యయం గోతాంలో కుక్కేశాం. ఇంగ్లీషువాడికి లెక్కంటే లెక్కే, ఎనిమిది. ఆ ఎనిమిదీ గ్రీకుల నాటిది. వాళ్ల జాబితాలో ఆర్టికల్ ఉండేది. లాటిన్‌లో ఆర్టికల్ లేదు కదా, ఆ ఖాళీలో రోమన్లు ఇంటర్జెక్షన్‌ని కూర్చోబెట్టారు. సీటు ఖాళీగా ఉంచకూడదని!"

ప్రిపొజిషన్ మీద ఆయన సిద్ధాంతం వేరు. "మనం ముందు బల్ల వేసి, తర్వాత 'మీద' అంటాం. వాడు ముందే 'ఆన్' అని ఎక్కి కూర్చుని, తర్వాత బల్ల తెమ్మంటాడు. పడడా మరి?" నిజం చెప్పొద్దూ, నా బళ్లో ఏ మాస్టారూ ఇంత బాగా చెప్పలేదు.

రెన్ అండ్ మార్టిన్ పుస్తకం ఆయనకి పూజగదిలో ఉండాల్సిన వస్తువు. ఆ రెన్ గారే 1924లో 'బో జెస్ట్' అనే సాహస నవల రాశారని ఓసారి చెప్పాను. "నవలా? మరి గ్రామరెప్పుడు రాశాడు?" అని బాధపడ్డాడు.

మాట్లాడమంటే మాత్రం ఇంటర్జెక్షన్లే. మొన్న వంటింట్లో పాలు పొంగితే "అలాస్!" అన్నాడు. అత్తయ్య ఎవరో వచ్చారనుకుని వీధి తలుపు తీసింది.

పోయిన ఆదివారం మా బావ మేనేజరు బెంగళూరు నుంచి భోజనానికొస్తున్నాడు. బావ పెరుగుకి వెళ్లినప్పుడే ఫోను మోగింది. మావయ్యే ఎత్తాడు. స్పీకర్లో అవతలి గొంతు: "హలో సర్, ఈజ్ యువర్ హౌస్ రౌండ్ ద కార్నర్?"

మావయ్య ముఖం వెలిగిపోయింది. ఫోను మీద అరచెయ్యి అడ్డుపెట్టి నావైపు తిరిగాడు.

"రౌండ్! ఐదు రకాలుగా వాడొచ్చురా దీన్ని. నౌను, అడ్జెక్టివు, వెర్బు, అడ్వెర్బు, ప్రిపొజిషను. ఇక్కడేంటో చెప్పు?"

"ముందు ఔనో కాదో చెప్పు మావయ్యా!"

"ఉండరా. పక్కన కార్నర్ అనే నౌనుంది కాబట్టి..." వేళ్లు మడిచి ప్రిపొజిషన్ అని తేల్చేసరికి అవతల ఎప్పుడో పెట్టేశారు.

పావుగంటకి చెమటలు కక్కుకుంటూ ఆయనే వచ్చాడు. చెప్పులు విప్పుతూ, "నమస్కారమండీ, మాది తెనాలే. ఫోన్లో మీరేం మాట్లాడకపోయేసరికి మీ సందు చుట్టూ మూడు రౌండ్లు కొట్టానండీ" అన్నాడు.

మావయ్య ఆయనకి మంచినీళ్లిచ్చాడు. నా పక్కకి వచ్చి చెవిలో అన్నాడు.

"ఇప్పుడన్నాడు చూడు, అది నౌను."