అమ్మేద్దామనుకుంటున్న మనిషి

హైటెక్ సిటీలో మనవాణ్ని గుర్తుపట్టడం తేలిక. మెడలో కంపెనీ ట్యాగు ఉన్నంతసేపూ లక్షమందిలో ఒకడు. శనివారం పొద్దున ఆ ట్యాగు తీసి, అదే మెడకి కిలోకి పైగా బరువున్న నల్లపెట్టె తగిలించుకున్నాడంటే ఇక వేరే మనిషి. పెట్టె ముందువైపు ఒకదాని మీద ఒకటిగా రెండు కటకాలు. పైమూత తెరిచి, నడుం దగ్గర పట్టుకుని, బావిలో చేద పడిపోయినవాడిలా తల వంచి లోపలికి చూస్తూ నిలబడతాడు. ఎవరైనా “ఏంటండీ అది?” అని అడిగేదాకా అలాగే నిలబడతాడు. అడిగాక నెమ్మదిగా తలెత్తి, “యాషికా మ్యాట్ 124జీ. మీడియం ఫార్మాట్. అమ్మేద్దామనుకుంటున్నా” అంటాడు.

ఈ చివరి మాట నాకు పరిచయమైన రోజు నుంచీ వింటున్నాను. 2019 నవంబరులో రాయదుర్గం దాకా మెట్రో వచ్చినప్పుడు అన్నాడు. మరుసటేడు సెప్టెంబరులో దుర్గం చెరువు మీద తీగల వంతెన తెరిచినప్పుడూ అన్నాడు. కోకాపేటలో అంతస్తుల మీద అంతస్తులు లేస్తున్నాయి, ఇతని నిర్ణయం మాత్రం ఇంకా పునాదుల్లోనే ఉంది.

విచిత్రమేమిటంటే పాతవాటిని వదిలించడమే ఇతని ఉద్యోగం. అమెరికా బ్యాంకులు ఎప్పుడో కోబాల్‌లో రాయించుకున్న ప్రోగ్రాములను పీకేసి, వాటి స్థానంలో కొత్తవి పెట్టించే జట్టుకి పెద్ద. “పనిచేస్తోంది కదా, ఎందుకు మార్చడం?” అని అవతలి బ్యాంకువాడు వీడియో కాల్‌లో నసిగితే, మనవాడు మైండ్‌స్పేస్‌లో కూర్చుని జాలిగా నవ్వి స్లైడు మారుస్తాడు. పాతదాన్ని పట్టుకుని వేలాడితే ఏడాదికెంత నష్టమో ఆ స్లైడులో ఎర్రగీతతో ఉంటుంది. ఇంటికొచ్చి బీరువా తెరిచి, కెమెరా తీసి, ఫిల్ము లేకుండానే ఒకసారి షట్టరు నొక్కుతాడు. టిక్కుమంటుంది. “పనిచేస్తోంది కదా” అంటాడు.

నిజంగానే పనిచేస్తుంది. ఈ మోడల్‌ని యాషికా కంపెనీ 1970లో మొదలుపెట్టి 1986లో ఆపేసింది. ఇందులో పట్టే 120 సైజు రీలు మరీ పాతది, 1901లో కొడాక్ తెచ్చింది. రీలుకి పన్నెండు ఫొటోలు, ఒక్కొక్క నెగెటివు ఆరు సెంటీమీటర్ల చదరం. ఫోను కెమెరా గడ్డిగింజంత సెన్సరుతో చేసే పని ఇది అరచేతిలో సగమంత ఫిల్ము మీద చేస్తుంది. ఈ సంగతి అతను పెళ్లిళ్లలో, లిఫ్టుల్లో, అపార్ట్‌మెంట్ అసోసియేషన్ మీటింగుల్లో కూడా చెప్పాడు. చివర ఉన్న ‘జీ’ అంటే గోల్డ్ అని, లోపలి మీటరు కనెక్షన్లకి బంగారు పూత ఉంటుందని ఒకసారి అత్తగారి ముందు నోరు జారాడు. ఆవిడ కెమెరాను చేతిలోకి తీసుకుని బరువు చూసింది. “ఎన్ని గ్రాములుంటుంది అల్లుడుగారూ?” అని అడిగింది. పూత మాత్రమేనని తెలిశాక ఆ పెట్టె మీద ఆవిడకున్న గౌరవం పూర్తిగా పోయింది.

వెలుతురు కొలిచే ఆ మీటరు కథ ఇంకోటి. అది పాదరసంతో చేసిన గుండీ బ్యాటరీతో నడిచేది. పాదరసం విషమని ఆ బ్యాటరీల తయారీ ఆపేశారు. దానికి దగ్గరి వోల్టేజీ ఇచ్చేది వినికిడి మిషన్లలో వేసే జింక్ బ్యాటరీ ఒకటుంది. మనవాడి ఇంట్లో వినికిడి మిషను ఉంది, అది నాన్నగారి చెవికి. అంచేత మనవాడు వెలుతురు కొలిచే రోజున పెద్దాయనకి టీవీ వినపడదు. “ఒరే, సౌండ్ పోయిందిరా!” అని ఆయన హాల్లోంచి కేకేస్తుంటే, ఇతను బాల్కనీలో ముల్లు కదలడం చూసి మురిసిపోతూ ఉంటాడు.

కెమెరా మేనమామది. బస్టాండు పక్కన స్టూడియో ఉండేది ఆయనకి. వెనక చందమామ, తాటిచెట్లు వేసిన తెర, పక్కన స్టూలు మీద ప్లాస్టిక్ పూలు, చేతిలో పెట్టుకోవడానికి తీగ లేని టెలిఫోను. ఆ మామయ్య గురించి మనవాడు గొంతు తగ్గించి మాట్లాడతాడు. మామయ్య మాత్రం ఆ రోజుల గురించి మామూలు గొంతుతోనే మాట్లాడతాడు. ఊటీలో సర్కారువారి హిందుస్థాన్ ఫొటో ఫిల్మ్స్ చేసిన ‘ఇందు’ రీళ్లు వేసేవాడట. రీలు పూర్తయితే గానీ కడగడు. పన్నెండో మనిషి వచ్చి దిగితే తప్ప మొదటి మనిషి ఫొటో చేతికి రాదు. పెళ్లిసంబంధానికి ఫొటో దిగిన అమ్మాయి తండ్రి రోజూ వచ్చి అడుగుతుంటే, “ఇంకా రెండు మిగిలాయండీ, మీరూ అమ్మగారూ దిగితే రేపే ఇచ్చేస్తా” అనేవాడట. ఇంత పెద్ద నెగెటివు ఎందుకంటే దాని మీద పెన్సిలుతో టచింగ్ చెయ్యొచ్చు. మొటిమలు, స్ఫోటకం మచ్చలు పోతాయి. మనవాడు ‘టోనాలిటీ’ అనేదానికి మామయ్య చెప్పే కారణం అది.

డిజిటల్ వచ్చిన ఏడాది మామయ్య ఆ తెర మడిచి అటక మీద పడేసి జిరాక్స్ మిషను కొన్నాడు. మొన్న సంక్రాంతికి మనవాడు గద్గదస్వరంతో “మామయ్యా, నీ కెమెరా నా దగ్గర భద్రంగా ఉంది” అంటే ఆయన, “అది ఇంకా ఉందిరా? దానికి జోడీ ఇంకోటుండేది. పాత ఇనుముకి వేసేశా” అన్నాడు. జీవితమంతా దాంతో అన్నం తిన్నవాడు అలా అన్నాడు. దాంతో ఒక్క రూపాయి సంపాదించనివాడికి ఆ రాత్రి నిద్ర పట్టలేదు. ఇందులో మామయ్యదే పొరపాటని నేననుకోను. పనిముట్టుతో పని అయిపోయాక దాని మీద బెంగ పెట్టుకోవడానికి పనివాడికి తీరిక ఉండదు. ఆ తీరిక మనవాడికి జీతంతో పాటు వచ్చింది.

నిర్ణయానికి ఎక్సెల్ షీటు వేశాడు. వాడకం, ఖర్చు, బీరువాలో చోటు, మరమ్మతు, అమ్మితే వచ్చేది, మమకారం. ఒక్కోదానికి ఇంత శాతమని వెయిటేజీ. షీటు అమ్మెయ్యమంది. మమకారం శాతం పెంచాడు. ఉంచుకోమంది. తాను కోరుకున్నదే అది చెబుతోందన్న అనుమానం వచ్చి మళ్లీ తగ్గించాడు. వాళ్లావిడ సాఫ్ట్‌వేర్ టెస్టింగ్‌లో పనిచేస్తుంది, తప్పు పట్టడం వృత్తిధర్మం. వెనక నిలబడి చూసి, “వాడకం అన్న గడిలో ఎంత వేశావు?” అని అడిగింది. ఆ గడి ఖాళీ.

ఖాళీకి కారణం లేకపోలేదు. రీలు వెయ్యి రూపాయల పైమాట. కడగడం, స్కానింగు కలిపితే ఒక్కో నొక్కుకీ వంద దాటుతుంది. మనవాడి జీతానికి వంద లెక్క కాదు, గచ్చిబౌలిలో కాఫీకి అంతకు రెండింతలు ఇస్తాడు. కానీ కాఫీ తాగేముందు ఈ కాఫీ తాగదగ్గదేనా అని ఎవరూ ఆలోచించరు. ఫొటో విషయంలో ఆలోచిస్తాడు. ఒక సాయంత్రం రాయదుర్గం స్టేషన్ కింద ట్రైపాడ్ వేసి, కెమెరా బిగించి, మూత తెరిచాడు. ఈ కెమెరాలో బొమ్మ కుడిఎడమలు తారుమారుగా కనిపిస్తుంది. గచ్చిబౌలి వైపు పోయే బస్సు అందులో వెనక్కి పోతుంది. మనవాడు ఫ్రేములోకి తెద్దామని కుడికి జరిపితే స్తంభం ఇంకా కుడికే పారిపోయింది. అలా కుడికీ ఎడమకీ తిప్పుతుంటే పక్కనున్న చాయ్ బండి అతను కంగారుగా వచ్చాడు.

“సార్, రోడ్డు పెంచుతున్నరా?”

“లేదు భయ్యా, ఫొటో.”

“ఫొటో అయితే ముందుకు సూడాలె గద సార్, మీరు కిందికి సూస్తున్నరు. కొలతలు తీసుకుంటున్నరు గద?” అని, గ్లాసు చేతిలో పెట్టి, “మా బండి రెండు ఫీట్లే సార్. జర సూసి రాయుండ్రి” అన్నాడు. డబ్బులిస్తే తీసుకోలేదు. ఈలోగా పక్క బిల్డింగు సెక్యూరిటీ గార్డు వచ్చి పర్మిషన్ లెటర్ అడిగాడు. చుట్టూ నూరుమంది ఫోన్లతో అదే బిల్డింగుని తీస్తున్నారు, వాళ్లనెవరూ అడగలేదు. మనవాడికి ఆ క్షణంలో కోపానికి బదులు గర్వం కలిగింది. గార్డు వెళ్లేసరికి వెలుతురు పోయింది. ఒక్క నొక్కూ నొక్కకుండా, వంద రూపాయలు ఆదా చేసి ఇంటికొచ్చాడు.

ఫిల్ము మాత్రం ఉంది, ఫ్రిజ్‌లో. గుడ్ల అరలో గుడ్ల పక్కన, తేదీ దాటిపోయి. ఇంట్లోనే కడగాలని డెవలపరూ కొన్నాడు. బ్లాక్ అండ్ వైట్‌కి నీళ్లు 20 డిగ్రీల దగ్గర ఉండాలి, కలర్‌కి 38. హైదరాబాద్ మే నెలలో డాబా మీది ట్యాంకు నీళ్లు కలర్‌కి కావలసిన వేడితో వాటంతటవే వస్తాయి. కానీ అతను కొన్నది బ్లాక్ అండ్ వైట్ మందు. డిసెంబరు రావాలి. డిసెంబరులో ఆన్‌సైట్ పడింది.

ఇంట్లో మాట పెరిగినప్పుడు అతని దగ్గర ఒక బ్రహ్మాస్త్రం ఉంది, దీన్‌దయాళ్. “ఇది మామూలు ఊరు కాదు. ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్ ఆస్థానంలో రాజా దీన్‌దయాళ్ గాజుపలకల మీద ఫొటోలు తీసిన ఊరు. ఆయన గాజు నెగెటివులు రెండున్నర వేలకు పైగా ఢిల్లీలో ఇందిరాగాంధీ జాతీయ కళా కేంద్రంలో భద్రంగా దాచారు” అంటాడు.

“నీవి ఎన్ని ఉన్నాయి?” అంటుంది వాళ్లావిడ.

దాంతో ఆ పూటకి చర్చ ముగుస్తుంది. ఏటా మాదాపూర్ స్టేట్ ఆర్ట్ గ్యాలరీలో ఇండియన్ ఫొటో ఫెస్టివల్ జరిగినప్పుడు మాత్రం కెమెరా మెడలో వేసుకుని వెళ్తాడు. అక్కడ ఇలాంటివాళ్లు ఇంకొందరుంటారు. ఒకరి పెట్టెలోకి ఒకరు తొంగిచూసుకుని, “ఏ ఫిల్ము?” “హెచ్‌పీ5” అనుకుంటారు. వాటిలో ఎన్నింట్లో నిజంగా ఫిల్ము ఉందో తెరిచి చూసే పద్ధతి లేదు, తెరిస్తే ఉన్నది పాడవుతుంది. ఇంత మర్యాద నేర్పిన యంత్రం ఇంకోటి లేదు. ఫొటోలు తీయడం ఒక కళ అయితే, కెమెరా ఉంచాలా అమ్మాలా అని ఆలోచించడం అంతకంటే చవకైన కళ. మనవాడు అందులో నిష్ణాతుడు.

చివరికి ఒక ఆదివారం తెగించి అమ్మకానికి పెట్టాడు. “లాస్ట్ ప్రైస్ చెప్పు బ్రో” అని ఒకడు, “మెమరీ కార్డు ఫ్రీనా?” అని ఇంకొకడు, “షోకేస్‌లో పెట్టుకోవడానికే, పనిచెయ్యకపోయినా పర్లేదు, తగ్గించండి” అని ఒకావిడ. ఈ ఆఖరి మాటకి మనవాడు నొచ్చుకుని ప్రకటన తీసేయబోతుండగా నార్సింగి నుంచి ఒకాయన ఫోను చేశాడు. షట్టరు ఒక సెకను దగ్గర నిదానిస్తోందా, కటకంలో బూజు ఉందా అని అడిగాడు. వానాకాలంలో కటకాల మీద బూజు పడుతుందని తెలిసినవాడు దొరికాడు. మనవాడు పొంగిపోయి రమ్మన్నాడు.

వచ్చినాయన చేతిలో పెద్ద సంచి. అందులోంచి మామియా ఆర్‌బీ67 తీసి టీపాయ్ మీద పెట్టాడు. ఇది బరువెక్కువ, నడుం పట్టేస్తోంది, యాషికా నచ్చితే దీన్ని అమ్మేద్దామనుకుంటున్నానని చెప్పాడు. అయితే దీన్ని అమ్మితే బాధపడతానేమోనని భయంగా ఉందన్నాడు. మనవాడి కళ్లు చెమర్చాయి. ఇద్దరూ రెండు కెమెరాలూ మార్చుకుని ఒకరిదొకరు టిక్కుటిక్కుమని నొక్కి చూశారు. ఎక్సెల్ షీటు తెరిచారు. మూడు టీలు అయ్యాయి. పోతూ పోతూ ఆయన మామియాని ఇక్కడే వదిలేశాడు, పదిహేను రోజులు మీ దగ్గరే ఉంచుకుని నేను అమ్మాలా వద్దా మీరే చెప్పండని.

వాళ్లావిడ వచ్చి టీపాయ్ మీద చూసింది. “అమ్మడానికి కదా కూర్చున్నావు?”

“ఆయన కూడా అమ్మడానికే వచ్చాడు” అన్నాడు మనవాడు.

పెద్దాయన కుర్చీలోంచి లేచి వచ్చి మామియా చుట్టూ ఒకసారి తిరిగి, అడుగున తడిమి చూశాడు. “ఒరే, దీనికి బ్యాటరీ ఎక్కడ?”

“దీనికి బ్యాటరీయే ఉండదు నాన్నా. అంతా మెకానికల్.”

“అయితే ఇది ఉంచు” అన్నాడాయన. “అది అమ్మెయ్.”