పెంగ్విన్ గృహప్రవేశం

2025 అక్టోబర్ 14న విండోస్ 10కి సపోర్టు ఆగింది. పదకొండుకి వెళ్దామంటే టీపీఎం 2.0 అనే భద్రతా చిప్ ఉండాలట. మా కంప్యూటర్ జాతకంలో ఆ గ్రహం లేదు. నిక్షేపంలా తిరుగుతున్నదానికి రిటైర్మెంటు వచ్చేసిందన్నమాట.

"విండోస్ బదులు లినక్స్ వేసుకో మామయ్యా, పైసా ఖర్చు లేదు" అన్నాడు మేనల్లుడు. 1991లో హెల్సింకిలో లినస్ టోర్వాల్డ్స్ అనే కుర్రాడు చదువుకుంటూ సరదాకి మొదలుపెట్టాడట. ఇప్పుడు లోకంలోని తొలి 500 సూపర్ కంప్యూటర్లూ లినక్స్ గుర్తైన ఆ పెంగ్విన్ బొమ్మ చలవేనట. ఉచితం అనేసరికి మనకి సిద్ధాంతాలు గుర్తొస్తాయి. సాయంత్రానికల్లా నేను స్వేచ్ఛావాదినైపోయాను.

ముందు పెన్‌డ్రైవ్‌లోంచే నడిపి చూపించాడు, కొత్తింట్లో ఓ రాత్రి నిద్ర చేసినట్టు. నచ్చింది. లినక్స్ దిగింది. టెర్మినల్ అనే నల్లపలకలో సుడో అని ఏదో కొట్టించాడు, అది పాస్‌వర్డ్ అడిగింది. ఎంత కొట్టినా తెర మీద చుక్క పడదే!

"కీబోర్డు పోయిందిరా!"

"పడుతోంది మామయ్యా, కనపడదంతే."

ఓహో, గుప్తదానం.

వారం రోజులు కనపడినవాళ్లనల్లా "ఇంకా దాస్యంలోనే ఉన్నారా?" అని పలకరించాను. ఎనిమిదో రోజుకి పాలవాడు కూడా గేటు దగ్గరే ప్యాకెట్ వదిలేసి పారిపోయాడు.

ఆ రోజే నా పాత వ్యాసం ఒకటి తెరిచాను. తెలుగు ఉండాల్సిన చోట ఓ ఎఫ్, ఓ కామా, ఓ డాలరు గుర్తు, నెత్తిన టోపీ పెట్టుకున్న ఓ ఎ! ఇరవయ్యేళ్లుగా నేను కొట్టింది తెలుగు కాదు, తెలుగు వేషం కట్టిన ఇంగ్లీషు గుర్తులు. ఆ వేషం వేసే అను ఫాంటు లినక్స్‌లో లేదు, రంగు కడిగేసరికి అసలు మొహాలు బయటపడ్డాయి. మాతృభాషని కాపాడుకోవాలని అందులోనే ఎక్కడో ఆవేశపడ్డాను. ఎక్కడో మాత్రం ఇప్పుడు నాకే తెలీదు.

సరే, పట్టుదలగా అసలైన తెలుగు అక్షరాలుండే యూనికోడ్‌లో కొత్త వ్యాసం రాసి పత్రికకి పంపాను. గంటలో డెస్క్ నుంచి ఫోన్.

"సార్, పేజీ నిండా డబ్బాలొస్తున్నాయండీ. ఎప్పట్లా అనులో పంపించేయండి."

మేనల్లుడు ముందుచూపున్నవాడు, పాత విండోస్‌ని చెరపకుండా పక్క గదిలో ఉంచాడట. ఇప్పుడు కంప్యూటర్ ఆన్ చేస్తే ఏది కావాలో చెప్పమంటుంది. పైన లినక్స్, కింద విండోస్. స్వేచ్ఛ గురించి మాట్లాడాలంటే పైది, రాయాలంటే కిందది.

ఈ కాలమ్ కిందదాన్లోనే కొట్టాను.