మ్రోగునది యొకటి, అరుగునది యొకటి

లోకమునందు చప్పుడు చేయువాడొకడు, చెడినవాడు వేరొకడు అనెడి న్యాయమును తర్కశాస్త్రజ్ఞు లెవ్వరును సూత్రీకరించినట్లు లేదు గాని, ముప్పది యేండ్లు దాటిన మోటారుకారును పోషించు గృహస్థు లందఱును దానిని అనుభవపూర్వకముగా నెఱుగుదురు. సభలో బల్ల చఱచువానికి సాధారణముగా నష్టమేమియు నుండదు. నష్టపడినవాడు వెనుక వరుసలో నోరు మెదపక కూర్చుండును. కారునందును అంతే. తలుపు గడగడలాడును, డిక్కీమూత డబడబలాడును, సైలెన్సరు శోకించును. వీనిలో ఏ యొక్కటి యూడిపడినను ప్రయాణమునకు పెద్ద భంగము లేదు. ఏది యూడినచో కారు నడిరోడ్డుపై ముందుకు వ్రాలి సాష్టాంగపడునో, ఆ భాగము మాత్రము పరమ మౌనవ్రతమున, ఎవ్వరి కంటను బడక, గ్రీజునకై నిరీక్షించుచు అరిగిపోవుచుండును.

ఈ న్యాయము నాకు బోధించిన గురువు 1984 నాటి అంబాసిడరు. ఇంగ్లండులో 1956లో వెలువడిన మారిస్ ఆక్స్‌ఫర్డ్ మూడవ శ్రేణి కారు సీమలో 1959 నాటికే పదవీవిరమణ చేయగా, హుగ్లీ తీరమున ఉత్తరపారాలోని హిందూస్థాన్ మోటార్స్ వారు దానినే అంబాసిడరను పేర 2014 మే నెలవరకు, అనగా అర్ధశతాబ్దికి పైగా, పెద్దమార్పులు లేకుండ తయారు చేయుచు వచ్చిరి. తాను పుట్టిన దేశమున మూడేండ్లు, దత్తుపోయిన దేశమున ఏబదియేండ్లు బ్రదికిన యా వంశమున జనించిన నా కారు, ములకలపల్లిలో పామాయిలు గెలల ట్రాక్టర్లకును, వేసవిలో తునికాకు లారీలకును దారి యిచ్చుచు, తన గౌరవమునకు లోటు రానీయక తిరుగుచుండగా, ఒకానొక వర్షాకాలమున ముందు కుడిప్రక్కనుండి 'టక్కు' మను శబ్ద మారంభమైనది. గోతికొక్కటి చొప్పున మొదలైన యా టక్కులు, మా అడవిదారిలో గోతుల కేనాడును కొఱత లేకపోవుటచే, అచిరకాలములోనే అవిచ్ఛిన్న నాదముగా పరిణమించినవి.

ములకలపల్లిలో ఎవ్వరి కారును ఏకాంతమున చెడదు. నేను బండి నాపి బానెట్టు మూత యెత్తుటయే తడవుగా టీకొట్టుముందు సభ కూడెను. ట్రాక్టరు డ్రైవరు వంగి చూడకుండగనే, "ముందు కమాన్ కట్ట విరిగింది సార్, పట్టీ మార్చండి" అనెను. ఆర్టీసీలో బస్సు నడిపి విశ్రాంతి పొందిన పెద్దాయన, "కట్టా కాదు పాడూ కాదు, స్టీరింగు బాక్సు పోయింది" అని తీర్పు చెప్పెను. అంబాసిడరునకు కమానుకట్టలు వెనుకనే గాని ముందు లేవు. దాని స్టీరింగు ర్యాకు పద్ధతిది గావున బాక్సును లేదు. ఈ ప్రకారముగా నా కారున లేని భాగములు రెండును చెడిపోయినట్లు మొదటి పావుగంటలోనే నిర్ధారణ యయ్యెను. తునికాకు కల్లేదారు యావజ్జీవము కట్టలు లెక్కించినవాడగుటచే, "లోపలెక్కడో కట్టు వదులైంది" అని సరిపుచ్చెను. అంతలో అటుగా వచ్చిన మా ఊరి ఆరెంపీ డాక్టరుగారు సంచిలోనుండి స్టెతస్కోపు తీసి, ఇంజనుపై మూడు చోట్ల ఆనించి, కన్నులు మూసికొని ఆలకించి, "గుండె, ఊపిరి బాగానే ఉన్నాయి. కీళ్ళు చూపించండి" అనిరి. సభికులు నవ్విరి. చివరకు ఆయన మాటయే నిజమయ్యెను. అందుకు అందఱికంటె నెక్కువ ఆశ్చర్యపడినవారు డాక్టరుగారే.

తరువాతి మాసములలో తలుపు రబ్బర్లు మారినవి, సైలెన్సరు క్లాంపు మారినది, షాకబ్జర్లు మారినవి. ప్రతి మార్పునకును చప్పుడు మొహమాటముచే ఒక దినము తగ్గి, మరునాడు రెట్టించిన స్వరమున హాజరగుచుండెను. ఈలోగా కుడిప్రక్క ముందు టైరు లోపలి అంచు బోడియగుచుండెను. తిన్నని రోడ్డుమీద సైతము కారు నా యభిప్రాయముతో నిమిత్తము లేకుండ పొలములవైపు మ్రొగ్గు చూపుచుండెను. ఇవి రెండును నిశ్శబ్దముగా జరుగుచున్న విషయములు గావున, వీనిని గుఱించి ఎవ్వరును సభ చేయలేదు.

తుదకు పాల్వంచలో ఒక పాతకాలపు మేస్త్రి కలడని విని బయలుదేరితిని. నాతో మా మామగారును వచ్చిరి. 2024 ఆగస్టు 15న మా మండలములోని పూసుగూడెమున సీతారామ ఎత్తిపోతల పంపుహౌసు ప్రారంభమైన నాటినుండి ఆయనకు పామాయిలుపై అపారమైన భక్తి కుదిరినది. అంబాసిడరు ముందు సీటు ఆ చివరనుండి ఈ చివరవరకు ఒక్కటే బల్లయగుటవలన ఆయన నా భుజమునకు భుజ మానించి కూర్చుండి, దారిపొడుగునను మొక్కలు, డ్రిప్పు పైపులు, అశ్వారావుపేట ఫ్యాక్టరీ ధరలు ఏకరువు పెట్టుచుండిరి. ఆ టక్కుల నడుమ నాకు నాలుగింట నొక మాట వినబడినది. అల్లుని మర్యాద చెడకుండ చిరునవ్వొకటి ముఖమున నిలిపితిని. తక్కినది గోతులు చూచుకొన్నవి.

మేస్త్రి ఇంజనువైపు కన్నెత్తియైన చూడలేదు. ముందు చక్రమును జాకీపై లేపి, పైనొక చేయి క్రిందనొక చేయి వైచి ముందువెనుకలకు ఊపెను. చక్రము కదలెను. "పెద్దాయనా, కాస్త బ్రేకు తొక్కి పట్టండి" అనెను. మామగారు పామాయిలు ప్రసంగ మాపకయే బ్రేకు త్రొక్కిరి. మేస్త్రి మరల ఊపెను. చక్రము మరల కదలెను. "బేరింగు ఆటైతే బ్రేకు తొక్కంగనే ఆగిపోవాలె. ఆగలే. కింగుపిన్ను పోయింది సార్" అని చేతులు తుడిచికొనెను. టీకొట్టు సభ నెలల తరబడి తేల్చలేని వ్యాజ్యమును రెండు చేతులును ఒక బ్రేకును తేల్చినవి.

ఇచ్చట ఆ కింగుపిన్నుయొక్క బ్రదుకును గుఱించి రెండు మాటలు చెప్పకున్న అన్యాయమగును. అంబాసిడరు ముందుభాగమున చుట్టల స్ప్రింగులును లేవు. ప్రక్క కొకటి చొప్పున కారు పొడవున సాగిన ఉక్కుకడ్డీలు కలవు. కడ్డీ వెనుక కొస చట్రమునకు కదలకుండ బిగింపబడియుండును. ముందు కొస చక్రమును మోయు ఆర్మునకు తగులుకొనియుండును. చక్రము గోతిలో దిగి లేచినప్పుడెల్ల ఆ కడ్డీ మెలిపడి మరల విప్పుకొనును. ఫెర్డినాండ్ పోర్షే 1931లో పేటెంటు పొందినదియు, సిట్రోయెన్ వారు 1934లో తమ కారున నెక్కించినదియు, అలెక్ ఇసిగోనిస్ 1948 నాటి మారిస్ మైనరున అమర్చినదియు నగు ఈ పద్ధతిని చూచి ఇంజనీర్లు నేటికిని తల లూపుదురు. కాని ఆ కడ్డీ ఎంత ఘనమైనదైనను, చక్రమునకు దానిని కలుపునది జానెడు మాత్రపు నిలువు పిన్ను. దాని రెండు కొసలకును మరలు కోసి, పైనొకటి క్రిందనొకటి ట్రనియన్లను కీళ్లలో తిరుగునట్లు అమర్చినారు. స్టీరింగు త్రిప్పినప్పుడెల్ల మరలో మర తిరుగవలెను. గోతిలో పడినప్పుడెల్ల ఆ ప్రక్క బరువు దెబ్బ నా మరచుట్లే కాయవలెను. రెంటి నడుమ రక్షణ గ్రీజు పొర యొక్కటే. ఆ గ్రీజెక్కించుటకు నిప్పిళ్లు గలవు. అవి బురదలో సమాధియైయుండ, మనము హారనుకు తళుకు పెట్టుచు, బానెట్టుకు నిమ్మకాయలు కట్టుచు, దసరానాడు స్టీరింగునకు బొట్టు పెట్టుచుందుము. కింగుపిన్నునకు బొట్టు పెట్టినవానిని నే నింతవరకు చూడలేదు.

కారు తయారీయే నిలిచిపోయినందున విడిభాగము విజయవాడ ఆటోనగరునుండి రావలసి వచ్చెను. కుడిదానికి ఎడమది యెక్కదు గావున, మేస్త్రి ఫోనులో 'కుడిప్రక్క' అను మాటను మంత్రమువలె జపించి మరీ తెప్పించెను. మార్చునాడు ఆయన చూపిన శ్రద్ధ యంతయు క్రింది ఆర్ముపైననే. మెలిపడి యున్న ఉక్కుకడ్డీ ఎప్పుడును విప్పుకొనుటకే చూచుచుండును; కీలు విప్పునప్పుడు ఆర్మును జాకీతో ఆపకున్నచో అది ఎవరి మోకాలినైన వెదకికొనును. అందుచే జాకీ, దానిక్రింద టేకుదుంగ, దానికి తోడు ఒక పాత చక్రము పెట్టి, కుఱ్ఱవానిని దూరముగా నిలిపి, బాటాలు, పానాలు, సుత్తె ప్రయోగించి పాతదానిని వెలికి తీసెను. నా చేతిలో పెట్టిన యా పిన్ను క్రింది మరచుట్లు నున్నబడి, అచ్చట మర యుండెడిదని నమ్మువారికి మాత్రమే కనబడుచుండెను. "ఇంకో పెద్ద గొయ్యి పడుంటే చక్రం అటు, మీరు ఇటు" అని మేస్త్రి మందహాసము చేసెను. క్రొత్తదానిని బిగించి, నిప్పిళ్లలో గ్రీజు పొంగువఱకు పట్టించి, వెనుక చక్రమునుండి ముందు చక్రమువఱకు నూలుతాడు లాగి, ముందు చక్రములు రెండును కొంచెము లోచూపుగా నుండునట్లు సవరించి పంపెను.

తిరుగుప్రయాణమున కారు నిశ్శబ్దముగా సాగెను. టక్కు పోవుటచే నింతకాలము దాని చాటున దాగిన చిల్లర ధ్వనులన్నియు, గడియారపు గుటగుట మొదలు వెనుకసీటు కిఱ్ఱువఱకు, వేర్వేఱుగా వినవచ్చినవి. వానితోపాటు మా మామగారి ప్రసంగమును మొట్టమొదటి పర్యాయము సమగ్రముగా వినబడినది.

"అయితే మొక్కలు ఎల్లుండి దించమంటారా, అల్లుడు గారూ?" అనిరి.

"ఏ మొక్కలండీ?" అంటిని.

"భలేవారే! మూడెకరాల్లో పామాయిలు పెడదాం, సగం ఖర్చు మీది అంటే మొన్న పాల్వంచ దాకా తల ఊపుతూనే వచ్చారుగా. ఒక్కసారి కాదు, ప్రతి మాటకీ ఊపారు. ఇంత కలుపుగోలు అల్లుడు ఎవరికుంటాడని నర్సరీలో అడ్వాన్సు కూడా ఇచ్చేశాను!"

ట్రనియన్ల మరలు అరిగినప్పుడు గోతి గోతికిని చోదకుని శిరస్సు చలించుట ప్రకృతిధర్మమనియు, దానికి అంగీకారముతో సంబంధము లేదనియు సవిస్తరముగా మనవి చేసితిని. ఆయన సావధానముగా విని, గోతులు లేనిచోట సైతము, తల యడ్డముగా ఊపిరి. ఎకరమునకు 57 మొక్కలు, మూడెకరములకు 171. నాలుగవ యేటనుండి గెలలు వచ్చునట. కావున అంబాసిడరు కింగుపిన్ను వెల యెంతయని నన్ను అడుగువారికి, విడిభాగము ధర, మేస్త్రి కూలి చెప్పి ఊరకుండక, 171 పామాయిలు మొక్కలలో సగము ఖర్చును కలిపి చెప్పుచున్నాను.