నా ఒంటి మీద వేలిముద్రలు

నేను ప్లాస్టిసిన్ ముద్దను. నూనె కలిపిన మట్టిని కనుక ఎండిపోను, ఎన్నిసార్లు పిసికితే అన్ని రూపాలెత్తుతాను. ఇంగ్లండులోని బ్రిస్టల్ నా ఊరు, ఆర్డ్‌మన్ స్టూడియో నా ఇల్లు. పీటర్ లార్డ్, డేవిడ్ స్ప్రాక్స్‌టన్ అనే బడి స్నేహితులు 1972లో దాన్ని మొదలుపెట్టారు. 1977లో బీబీసీ పిల్లల కార్యక్రమంలో మార్ఫ్ అనే బొమ్మనై అల్లరి చేశాక నలుగురూ నన్ను గుర్తుపట్టారు.

నాతో పనికి చాలా ఓపిక కావాలి. తెర మీద ఒక్క సెకనుకు 24 ఫ్రేములు. కనుబొమ్మను వెంట్రుకవాసి జరపాలి, ఫొటో తీయాలి, మళ్లీ జరపాలి. పొద్దస్తమానం లైట్ల కింద నిలబడ్డా యానిమేటరుకు దక్కేది కొద్ది సెకన్ల సినిమా. తర్వాత ఈ స్టూడియోలో చేరిన నిక్ పార్క్ విద్యార్థిగా 1982లో చేపట్టిన, వాలెస్ అనే మనిషి, అతని తోడు గ్రోమిట్‌ల తొలి చిత్రం పూర్తయ్యేసరికి 1989 వచ్చింది. గ్రోమిట్ అనే ఆ కుక్కకు నోరే పెట్టలేదు. నుదురు ముడిచి అది పలికించే భావాలు మాటలున్న నటుల్లో కూడా అరుదని నా నమ్మకం.

ఆస్కార్లు వచ్చాయి. హాలీవుడ్ పిలిచింది. డ్రీమ్‌వర్క్స్‌తో కలిసి 2000లో తీసిన 'చికెన్ రన్' ప్రపంచమంతా ఆడింది. 2005 అక్టోబరులో వాలెస్, గ్రోమిట్‌ల పూర్తి నిడివి చిత్రం అమెరికా వసూళ్లలో మొదటి స్థానంలో ఉండగానే, బ్రిస్టల్‌లో మా గోదాము తగలబడింది. ఏళ్ల తరబడి దాచుకున్న సెట్లు, బొమ్మలు బూడిదయ్యాయి. అప్పటికి రెండు రోజుల క్రితమే కశ్మీర్‌లో భూకంపం వచ్చింది. అలాంటి విషాదాల ముందు మా నష్టం పెద్దది కాదన్నాడు నిక్ పార్క్. అతని మీద నాకు గౌరవం పెరిగింది ఆ రోజే.

మరుసటి ఏడాది 'ఫ్లష్డ్ అవే'. కథంతా మురుగుకాలవల్లో, నీళ్లలో. మట్టితో కుదరదని కంప్యూటర్‌లో తీశారు, నన్ను ముట్టుకోలేదు. అది ఆశించినంత ఆడలేదు. 2007లో డ్రీమ్‌వర్క్స్‌తో పొత్తు ముగిసింది. పెద్ద పెట్టుబడి పోతే చిన్న స్టూడియోకు ఊపిరాడదు. అయినా వీళ్లు వేరే భాగస్వాములను వెతుక్కుని, తమ కథలు తామే చెప్పుకున్నారు.

2018లో వ్యవస్థాపకులు స్టూడియోను ఏ పెద్ద సంస్థకూ అమ్మకుండా 75 శాతం వాటాను ఉద్యోగుల ట్రస్టుకు అప్పగించారు. వాళ్లు తీసిన సినిమాలన్నిటికంటే ఆ నిర్ణయమే గొప్పదంటాను. 2023లో నన్ను తయారుచేసే ఫ్యాక్టరీ మూతపడితే, మిగిలిన సరుకును స్టూడియో కొని దాచుకుంది. 2024 చివర్లో వాలెస్, గ్రోమిట్ కొత్త సినిమాతో మళ్లీ వచ్చారు.

మీ పిల్లలతో కలిసి ఆ సినిమా చూడండి. వాలెస్ ముఖం దగ్గరగా కనిపించినప్పుడు ఒక్క క్షణం ఆపి, దానిమీద ఉన్న వేలిముద్రలు వాళ్లకు చూపించండి.