త్రాసురావుగారు

మా కాలనీలో ఆయన అసలు పేరు గ్యాసు పుస్తకముమీదను, ఓటర్ల జాబితాలోను మాత్రమే మిగిలియున్నది. తక్కిన అన్నిచోట్లను పిల్లలు పెట్టిన త్రాసురావు అను పేరే స్థిరపడిపోయినది. ఇట్టివారు మా కాలనీకే పరిమితమైన వింతజాతి యని నేననను. లోకమున ఏ రెండు వస్తువులు కంటబడినను వాటిని చెరియొక తక్కెడలో వేసి, ముల్లు ఎటు మొగ్గునో చూచుటయే పరమపురుషార్థమని భావించి, తీరా ముల్లు మొగ్గిన పిదప రెండును కొనకుండ ఇంటికి తిరిగివచ్చు మహానుభావులు ప్రతి పేటలోను ఒకరో ఇద్దరో ఉందురు. సహకార బ్యాంకులో ముప్పదియేండ్లు రైతుల అప్పుల దరఖాస్తులను పరిశీలించిన చేయి గనుక, మా రావుగారికి కాగితమును నిలువుగా రెండుగా మడిచి, ఎడమప్రక్క ఒకటియు కుడిప్రక్క ఒకటియు వ్రాయనిదే ఆలోచన ముందుకు సాగదు. ఉద్యోగ విరమణానంతరము గ్యాసు గీజరు మేలా, సోలారు గీజరు మేలా యను విచారణలో ఆయన రెండు సంవత్సరములు గడిపిరి. ఆ రెండు సంవత్సరములును వారి ధర్మపత్ని, అనగా మా వదినగారు, పొయ్యిమీదనే నీళ్లు కాచుకొనిరి.

గత మాఘమాసమున మేనల్లుని పెండ్లిలో ఆయన త్రాసు ముఖచర్మముమీదికి మరలినది. డల్లాసునుండి వచ్చిన పినతల్లి కూతురొకతె, ఏబది దాటినదయ్యు, అప్పుడే నీళ్లు చల్లిన అరిటాకువలె నిగనిగలాడు చెక్కిళ్లతో పందిటిలో తిరుగుచు, కారణమడిగినవారికెల్ల "ఏమీలేదు, స్కిన్ బూస్టర్లు చేయించుకున్నా" అని చెప్పుచుండెను. ఆ ప్రక్కనే యున్న కూకట్‌పల్లి కోడలు ఊరుకొనక, "వాటికంటే మైక్రోనీడ్లింగే నయం పిన్నీ, నా మొటిమల గుంటలు సగం పూడిపోయాయి" అనెను. రెండు వస్తువులు! త్రాసురావుగారికి అంతకు మించి ఏమి కావలెను? తలంబ్రాలు ముగియకమునుపే ఆయన జేబులోని శుభలేఖ నిలువుగా రెండుగా మడతపడినది.

ఆయన చదువక తూచు పామరుడు కారని మాత్రము ఒప్పుకొనవలెను. మరుసటి నెలలో ఒక గృహప్రవేశపు బంతిలో, నా దురదృష్టవశమున, ఆయన విస్తరి నా ప్రక్కనే పడినది. పప్పు వడ్డించువేళకు, బూస్టరులో నుండు హైల్యూరోనిక్ ఆమ్లమును 1934లో కొలంబియా విశ్వవిద్యాలయమున కార్ల్ మేయర్, జాన్ పామర్ అను ఇరువురు ఆవుకంటిలోని గాజువంటి జిగురునుండి తొలుత వేరుచేసిరనియు, గ్రీకుభాషలో గాజునకు హయలోస్ అని పేరగుటచే దానికా నామము కలిగినదనియు ఆరంభించిరి. ఆవుకన్ను అను మాట చెవినబడగానే ఎదుటి వరుసలోని వృద్ధ వైదికులొకరు కలిపిన ముద్దను విస్తరిలోనే విడిచిరి. పులుసు వచ్చునప్పటికి, తరువాతి కాలమున అదే పదార్థమును కోడిపుంజుల తలమీది ఎర్రజుట్టునుండి తీసిరన్న ఘట్టము నడచుచుండెను. పెరుగు దగ్గర మాత్రము ఆయనకు జాలి కలిగి, "భయపడకండి, ఇప్పుడంతా సూక్ష్మజీవులతో పులియబెట్టి తీస్తున్నారు, మన పెరుగు తోడుకున్నట్టే" అని అభయమిచ్చిరి. ఆ అభయము విన్న పిదప మా వరుసలో ఎవరును పెరుగు వేయించుకొనలేదు.

మైక్రోనీడ్లింగు సూదులకు ఆయన చెప్పు వంశావళి అంతకంటె రసవత్తరము. మచ్చల రంగును కప్పుటకై పచ్చబొట్టు సూదితో రంగు పొడిచినచోట, ఆ రంగు వెలిసిన పిదపను మచ్చ బాగుపడియుండుటను గమనించి, కెనడాలో కామిరాన్, డూసే అను వైద్యులు రంగు లేకుండనే వట్టి సూదితో పొడిచి, ఆ సంగతిని 1997లో ప్రకటించిరి. దక్షిణాఫ్రికాలో డెస్మండ్ ఫెర్నాండెస్ అను శస్త్రవైద్యుడు అనేక సూదులు గల చిన్న రోలరును రూపొందించెను. మా అమ్మమ్మ మోచేతిమీద పచ్చబొట్టు పొడిచిన యామె ఈ మాట వినియుండినచో, కూలి మరి రెండణాలు పెంచెడిది గదా యని నాకు తోచినది.

"ఏమోయ్, అది దుక్కి, ఇది నీరు" అని ఆయన సిద్ధాంతము. బ్యాంకు ఉద్యోగము ఉపమానములో బయటపడినను, ఉపమానము చెడ్డది కాదు. అర మిల్లీమీటరు మొదలు రెండు మిల్లీమీటర్లు, ఆపైని లోతువరకు సూదులు దిగినచోట శరీరము గాయము తగిలినదని భ్రమించి, దానిని మాన్పుకొను సంరంభములో కొత్త కొల్లాజెనును పుట్టించును; కావున నెలకొకటి చొప్పున మూడో నాలుగో, అవసరమైనచో ఆరో దఫాలు చేయించుకొని, ఫలమునకై మాసముల తరబడి నిరీక్షింపవలెను. నీటి పద్ధతి, అనగా బూస్టరుది, వేరు. ఒక రకపు మందులో రెండు మిల్లీలీటర్లను రెండు చెక్కిళ్లలోను కలిపి పదిచోట్ల ఎక్కింతురు. దోమకాటువంటి పది బుడిపెలు లేచి ఒకరోజులో అణగును. నెల దాటిన పిదప మరియొక దఫా. చర్మమునకు వచ్చిన తేమయు నునుపును ఇంచుమించు ఆరునెలలు నిలుచును. పాత మొటిమల గుంటలను ఆ నీరు పూడ్చజాలదు. బీటలు వారిన పొడితనమునకు ఆ దుక్కి అంతగా అక్కరకురాదు. ఒకటి చేయు పని మరియొకటి చేయదని ఇంత స్పష్టముగా తెలిసినవాడు వాటికి పందెమెట్లు పెట్టునని మీరడుగవచ్చును. త్రాసు చేతబట్టినవానికి తూచుటలోనే గాని, కొనుటలో రుచి యుండదు.

పరిశోధనార్థమై ఆయన ఒక ఇంటి రోలరును తెప్పించి, తన ముఖముపై ధైర్యము చాలక, ఒక నల్లని వంకాయపై పదిసార్లు అడ్డముగను పదిసార్లు నిలువుగను దొర్లించి, భూతద్దముతో రంధ్రములు లెక్కించిరి. ఆ వంకాయను వదినగారు ఆనాడే గుత్తివంకాయ కూర చేసిరి. ఉప్పుకారము ఎన్నడును లేనంతగా లోపలికి పట్టినది. "చూశావా, గుచ్చిన దారుల్లోంచి పైపూత లోపలికి దిగుతుంది!" అని ఆయన ఉప్పొంగిరి. నిజమే, అందుచేతనే గుచ్చిన ముఖముపై దొరికిన క్రీమునెల్ల పూయరాదనియు, పచ్చి మొటిమలమీద రోలరు దొర్లించినచో చీము నాలుగుదిక్కులకు ప్రాకుననియు వైద్యులు మొత్తుకొందురు. వంకాయకు మొటిమలు లేకపోవుట మా అదృష్టము.

ఒక సాయంకాలమున నా ముఖముపై టార్చిలైటు వేసి, "నీకు ముక్కుపక్కన అమ్మవారి గుంటా ఉంది, బుగ్గల్లో పొడితనమూ ఉంది. రెండిట్లో ఏది కావాలో తేల్చుకో" అనిరి. కందకు లేని దురద కత్తిపీటకేల యని మనసున అనుకొంటిని. పైకి, "తమరు ముందు తేల్చండి అన్నగారూ" అంటిని. ఆ మాటయే నా కొంప ముంచినది. మరునాడు సాక్షిగా నన్నును, తోడుగా వదినగారిని వెంటబెట్టుకొని, బంజారాహిల్సులోని ఒక చర్మవైద్యురాలి కడకు బయలుదేరిరి.

ఆమె ఓపికగల మనిషి. "మీకు ఇబ్బంది గుంటలతోనా, పొడితనంతోనా?" అని అడిగినది. "నా సంగతి అలా ఉంచండి డాక్టరుగారూ, రెండిట్లో ఏది గొప్పో చెప్పండి" అని ఆయన మడత కాగితము విప్పిరి. ఆమె ఒకసారి కాగితమును, ఒకసారి వదినగారి చెక్కిళ్లను చూచినది. కాలేజీ నాటి మొటిమలు వదినగారికి మిగిల్చిపోయిన గుంటలను గూర్చి ఇన్నేండ్లలో మా ఇండ్లలో ఎవరును మాటాడి యెరుగము. "మీరేమంటారమ్మా?" అని ఆమె మెల్లగా అడిగినది. వదినగారు చెవిదగ్గరగా ఏదో చెప్పిరి. గాయము తగిలినచోట కండ పెరుగు తత్త్వము గలదా, రక్తము పలుచబరచు మందులు వాడుచున్నారా యని రెండు మూడు ప్రశ్నలైన పిదప ఇరువురును లోపలిగదికి పోయిరి.

రావుగారు ఆ సంగతి గమనించిరో లేదో తెలియదు. బయట కూర్చున్న సహాయకురాలిని పట్టుకొని, చామనచాయ మేనికి లేజరుకంటె సూదులవలన నల్లమచ్చలు పడు భయము తక్కువ యనుమాట నిజమేనా, నిజమైనచో ఎండకాలమునను వర్తించునా, ఎండకాలమనగా మార్చి నుండియా, ఏప్రిలు నుండియా యని ప్రశ్నలోనుండి ప్రశ్నను తీయుచుండిరి. గోడగడియారములో గంటన్నర గడచినది.

తలుపు తెరచుకొనినది. వదినగారు పొయ్యిదగ్గరనుండి లేచివచ్చినట్లు ఎర్రబారిన ముఖముతో వచ్చి నిలిచిరి.

"ఏమిటే, ఇంకా తేలకుండానే చేయించుకున్నావా?"

"మత్తుక్రీము రాసి ముప్పావుగంట కూర్చోబెట్టారండీ. మీ మొదటి ప్రశ్నే ఇంకా అవలేదు" అని వదినగారు చేతిసంచి అందుకొనిరి. "దున్నకముందే నీళ్లు పెడతానన్న రైతుకు మీరెప్పుడైనా అప్పిచ్చారా? దుక్కి అయింది. నీళ్ల సంగతి తరువాత చూద్దాం."

ఎండ తగులరాదని, సన్‌స్క్రీను తప్పక వాడవలెనని వైద్యురాలు చీటీ వ్రాసి యిచ్చినది. అది జెల్లు తీసుకొనవలెనా, క్రీము తీసుకొనవలెనా యని చీటీలో లేదు. తిరుగు దారిలో ఆటోలో వదినగారు ముఖమునకు గొడుగు అడ్డుపెట్టుకొని కూర్చుండగా, త్రాసురావుగారు ఆ చీటీని వెనుకకు త్రిప్పి, మోకాలిమీద పెట్టుకొని, నిలువుగా రెండుగా మడిచిరి.