యాభై ఎనిమిదికి యాభై ఎనిమిది

కెనడాలోని న్యూ బ్రన్స్‌విక్ ప్రావిన్సులో 1987 అక్టోబరు 13న శాసనసభ ఎన్నికలు జరిగాయి. ఉన్న స్థానాలు 58. లిబరల్ పార్టీ గెలిచినవి 58. పోలైన ఓట్లలో ఆ పార్టీకి వచ్చినవి 60 శాతం. మిగతా 40 శాతం మంది కూడా వరుసలో నిలబడి, రహస్యంగా, స్వేచ్ఛగా ఓటేశారు. వారి ఓట్లను జాగ్రత్తగా లెక్కపెట్టారు కూడా. లెక్క పూర్తయ్యాక సభలో వారికి దక్కింది సున్నా. కెనడా చరిత్రలో ఇలాంటి ఫలితం అంతకుముందు ఒక్కసారే వచ్చింది: 1935లో ప్రిన్స్ ఎడ్వర్డ్ ఐలాండ్‌లో 30కి 30. అక్కడా గెలిచింది లిబరల్ పార్టీయే.

న్యూ బ్రన్స్‌విక్ అట్లాంటిక్ తీరంలోని చిన్న ప్రావిన్సు. అప్పటికి జనాభా ఏడు లక్షలు, మన లెక్కల్లో ఒక చిన్న జిల్లా అంత. ఇంగ్లీషు, ఫ్రెంచి రెండూ అధికార భాషలైన ప్రావిన్సు కెనడాలో ఇదొక్కటే. ఇంత చిన్న చోట ఇంత పెద్ద ఫలితం రాత్రికి రాత్రి రాలేదు. దాని వెనుక 17 ఏళ్ల కృషి ఉంది. ఆ కృషిలో సింహభాగం ఓడిపోయిన ముఖ్యమంత్రిదే.

ఆయన పేరు రిచర్డ్ హాట్‌ఫీల్డ్, ప్రోగ్రెసివ్ కన్జర్వేటివ్ పార్టీ. 1970లో ప్రీమియర్ అయ్యారు, అంటే మన ముఖ్యమంత్రి పదవి. వరుసగా నాలుగు ఎన్నికలు గెలిచారు. ఫ్రెంచి మాట్లాడే అకాడియన్లకు తన పార్టీలోనూ ప్రభుత్వంలోనూ చోటిచ్చిన నాయకుడు. ఇది ఆయన చేసిన మంచి పని కాబట్టి, తర్వాత ఆయన పార్టీ దీనికే ఎక్కువ మూల్యం చెల్లించింది.

ఆయన పాలనకు గుర్తుగా మిగిలింది ఒక కారు. అమెరికా వ్యాపారి మాల్కం బ్రిక్లిన్ తెచ్చిన పథకాన్ని నమ్మి, ప్రావిన్సులోనే స్పోర్ట్స్ కార్ల తయారీకి హాట్‌ఫీల్డ్ ప్రభుత్వ సొమ్ము పెట్టారు. ఆ కారు తలుపులు పక్కకు కాకుండా రెక్కల్లా పైకి లేస్తాయి. లేపడానికి మీట నొక్కాలి. కరెంటుతో నడిచే పంపు పని మొదలుపెట్టాలి. తలుపు నింపాదిగా పైకి వెళ్లాలి. బ్యాటరీ నీరసిస్తే లోపలివాళ్లు లోపల, బయటివాళ్లు బయట. 1974 ఎన్నికల ప్రచారానికి ముఖ్యమంత్రి ఈ కారులోనే తిరిగారు, గెలిచారు. మరుసటి ఏడాది కంపెనీ దివాలా తీసింది. మూడు వేల కార్లు కూడా తయారు కాకుండానే ఖజానాకు సుమారు 2 కోట్ల 30 లక్షల డాలర్లు చిల్లు పడింది. బండి నడుపుతూ పొగ తాగడం ప్రమాదకరమని ఆ కారులో ఆష్‌ట్రే పెట్టలేదు. కంపెనీ చూపిన ముందుచూపు అదొక్కటే.

పొగతో ముఖ్యమంత్రికి చిక్కు పదేళ్ల తర్వాత వచ్చింది. 1984లో ఎలిజబెత్ రాణి పర్యటనకు వచ్చినప్పుడు, విమానాశ్రయంలో పోలీసులు హాట్‌ఫీల్డ్ పెట్టెలో గంజాయి పట్టుకున్నారు. కేసు నడిచింది, మరుసటి ఏడాది కోర్టు ఆయన్ను నిర్దోషిగా విడిచిపెట్టింది. కోర్టు తీర్పు వచ్చాక ఓటర్ల తీర్పు కోసం ఆగడమే మిగిలింది. ఆగమన్నది కూడా ముఖ్యమంత్రే. ఎన్నికలు ఎప్పుడు పెట్టాలో నిర్ణయించే అధికారం ఆయనది. తప్పుకోవాలని సొంత పార్టీవారే గొడవ చేస్తున్నా, గడువు అయిదేళ్లూ నిండేదాకా ఆయన తేదీ ప్రకటించలేదు. కోపం ముదరడానికి ఎంత సమయం కావాలో అంతా దొరికింది. ఫలితాల రోజున హాట్‌ఫీల్డ్ తన సొంత స్థానంలో కూడా ఓడిపోయారు.

గెలిచిన నాయకుడు ఫ్రాంక్ మెకెన్నా. వయసు 39, వృత్తిరీత్యా వకీలు. హత్య కేసులో చిక్కిన ఒక ప్రసిద్ధ బాక్సర్‌ను నిర్దోషిగా బయటపడేసి పేరు తెచ్చుకున్న లాయరు. ఎదుటి పక్షం లేకుండా వాదించే అవకాశం మాత్రం రాజకీయాల్లోకి వచ్చాకే దొరికింది.

అరవై శాతం ఓట్లు నూరు శాతం సీట్లుగా మారే పద్ధతి చాలా సులువైనది, మనకు బాగా అలవాటైనది కూడా. ఒక్కో నియోజకవర్గంలో ఎవరికి ఎక్కువ ఓట్లు వస్తే వారే గెలుస్తారు. రెండో స్థానానికి అభినందనలు తప్ప మరేమీ ఉండవు. ఒక పార్టీ ఆధిక్యం ఒకటి రెండు ప్రాంతాల్లో పోగుపడకుండా ప్రావిన్సంతా సమంగా పరుచుకుంటే, ప్రతి స్థానం దానిదే. కన్జర్వేటివ్‌లకు 28 శాతం పైగా ఓట్లు వచ్చాయి, లక్షకు పైగా మనుషులన్న మాట. న్యూ డెమొక్రాట్లకు పది శాతం దాటాయి. ఓట్లలో అంత తేడా ఉన్న ఈ రెండు పార్టీలకూ సభలో సంపూర్ణ సమానత్వం లభించింది.

ఆ తర్వాత ప్రావిన్సు రాజధాని ఫ్రెడరిక్టన్‌లోని శాసనసభలో స్థలం సమస్య వచ్చింది. అధికారపక్షానికి ఒకవైపు, ప్రతిపక్షానికి ఎదురువైపు కుర్చీలు వేసిన సభ అది. 58 మంది ఒకేవైపు పట్టరు. వియ్యంకులు రాని పెళ్లిలో మగపెళ్లివారే సగంమంది లేచి ఆడపెళ్లివారి వైపు కూర్చున్నట్టు, లిబరల్ సభ్యులే ఎదురు కుర్చీల్లోకి సర్దుకున్నారు. ప్రశ్నోత్తరాల సమయం యథావిధిగా ఉంటుంది. మంత్రిని నిలదీయాల్సింది, రేపు తానే మంత్రి కావాలని ఆశపడుతున్న సొంత పార్టీ సభ్యుడు. అతని ప్రశ్నలో ఎంత పదును ఉంటుందో తెలుగు పాఠకులకు విడమరచి చెప్పనక్కరలేదు. వాకౌట్లు ఉండవు, సస్పెన్షన్లు ఉండవు, కాగితాలు చింపడం ఉండదు. ఏ ప్రభుత్వమైనా కలగనే సభ ఇదే.

అయితే ప్రతిపక్షాన్ని సభ నుంచి తీసేసినంత మాత్రాన జనంలోని అసంతృప్తి పోదు. దానికి కొత్త చిరునామా దొరుకుతుంది. 1991 ఎన్నికల్లో ఆ చిరునామా కాన్ఫెడరేషన్ ఆఫ్ రీజియన్స్ అనే పార్టీ. రెండు అధికార భాషల విధానం వద్దనడమే దాని ముఖ్య నినాదం. హాట్‌ఫీల్డ్ ఫ్రెంచివారిని దగ్గరకు తీశారని గుర్రుగా ఉన్న ఇంగ్లీషు ఓటర్లు కన్జర్వేటివ్‌లను వదిలి ఇటు మళ్లారు. ఈ పార్టీకి 21 శాతం ఓట్లు, 8 సీట్లు. దాదాపు అన్నే ఓట్లు వచ్చిన కన్జర్వేటివ్‌లకు 3. నాలుగేళ్ల నిరీక్షణ తర్వాత ప్రావిన్సుకు అధికారిక ప్రతిపక్షం దొరికింది. దాని నాయకుడు మాత్రం తన స్థానంలో ఓడి సభ బయటే ఉండిపోయాడు. లిబరల్‌లకు 47 శాతం ఓట్లే వచ్చాయి, అంటే సగం కూడా కాదు. సీట్లు 46. పదేళ్లకు మించి ఉండనన్న మెకెన్నా, మాట తప్పకుండా 1997 అక్టోబరు 13న రాజీనామా చేశారు.

ఇదే పద్ధతి లిబరల్‌లకు 1999లో వాత పెట్టింది. కన్జర్వేటివ్ నాయకుడు బెర్నార్డ్ లార్డ్, అప్పటికి 55కు తగ్గిన స్థానాల్లో 44 గెలిచి, వారిని 10కి దించారు. లార్డ్ ప్రభుత్వం ఈ లెక్కల వరసను పరిశీలించడానికి ఒక కమిషన్ వేసింది. ఓట్లకు తగినన్ని సీట్లు వచ్చే మిశ్రమ పద్ధతి మేలని 2005లో కమిషన్ చెప్పింది. దానిపై 2008లో ప్రజాభిప్రాయం అడుగుతామని లార్డ్ ప్రకటించారు. ఈలోగా 2006 ఎన్నికలు వచ్చాయి. లార్డ్ పార్టీకి ప్రత్యర్థి కన్నా ఎక్కువ ఓట్లు వచ్చాయి, సీట్లు 26. లిబరల్‌లకు తక్కువ ఓట్లు వచ్చాయి, సీట్లు 29. తక్కువ ఓట్లతో గద్దెనెక్కిన కొత్త ప్రభుత్వం ఆ ప్రజాభిప్రాయ సేకరణను పక్కన పెట్టేసింది. 2018లో ఇదే తమాషా తిరగబడింది: లిబరల్‌లకు దాదాపు 38 శాతం ఓట్లతో 21 సీట్లు, కన్జర్వేటివ్‌లకు 32 శాతంతో 22.

మన దేశంలో సిక్కిం ఈ ఘనతను 1989లో ఒకసారి, 2009లో ఒకసారి, 32కి 32తో సాధించింది. ఆంధ్రప్రదేశ్ అంతదూరం పోలేదు. 2019లో తెలుగుదేశానికి 39 శాతం ఓట్లు, 175లో 23 సీట్లు. 2024లో వైఎస్సార్ కాంగ్రెస్‌కూ 39 శాతమే, సీట్లు 11. సభలో పదో వంతు, అంటే 18 మంది, ఉంటేనే ప్రతిపక్ష హోదా అన్న లెక్క ప్రకారం అదే 39 శాతం ఒకసారి హోదాకు సరిపోయింది, ఇంకోసారి సరిపోలేదు. ఓడినప్పుడు ఈ పద్ధతిలో లోపం కనిపించని పార్టీ లేదు, గెలిచాక కనిపించిన పార్టీ లేదు.

న్యూ బ్రన్స్‌విక్ ఓటర్లు 1987లో ఇంటికి పంపాలనుకున్నది ఒక ముఖ్యమంత్రిని. ఎన్నికల పద్ధతి ఆయనతోపాటు నూటికి నలభై మంది ఓటర్లను కూడా సభ బయటికి పంపింది. ముఖ్యమంత్రులు చాలామంది మారారు. పద్ధతి ఇప్పటికీ అదే.