దమ్మపేట రోడ్డు మర్యాద

దమ్మపేట భద్రాద్రి కొత్తగూడెం జిల్లాలో, ఆంధ్ర సరిహద్దుకు చేరువలో ఉన్న మండల కేంద్రం. ఇక్కడ ట్రాఫిక్ పోలీసు చేయాల్సిన పనిలో సగం ఎదురొచ్చేవాళ్లే చేసిపెడతారు.

రోడ్డు మీద తిరిగేవాటిలో మొదట చెప్పుకోవలసింది గెలల ట్రాక్టరు. కోసిన పామాయిల్ గెలలను ఇరవై నాలుగు గంటల్లోపు ఆడించకపోతే నూనెలో ఆమ్లం పెరుగుతుంది. అందువల్ల అప్పారావుపేట ఫ్యాక్టరీకి బయలుదేరిన ట్రాక్టరుకు తొందర ఎక్కువ, వేగం తక్కువ. ఆ లోటును సౌండ్ బాక్సు పూడుస్తుంది. దారి ఇమ్మని వెనకవాడు కొట్టే హారన్ పాటలో తాళంగా కలిసిపోతుంది.

రెండోది షేర్ ఆటో. ఆటో నిండిందా లేదా అన్న విషయంలో డ్రైవరుకూ ప్రయాణికులకూ ఏనాడూ ఏకాభిప్రాయం కుదరదు. డ్రైవరుకు అటొకరు, ఇటొకరు సర్దుకున్నాక కూడా "ఒక్కరికి చోటుంది, రా పెద్దమ్మా" అన్న కేక వినిపిస్తుంది. పెద్దమ్మ ఎక్కుతుంది. వెనకాలే ఆమె బియ్యం మూటా ఎక్కుతుంది.

మూడోది మోటారు సైకిలు. నడిపేవాడు తనతో పాటు ఒక్కరినే ఎక్కించుకోవాలని 1988 మోటారు వాహనాల చట్టం 128వ సెక్షన్ చెబుతుంది. పిల్లల విషయంలో మాత్రం జనం ఆర్టీసీ అర టిక్కెట్టు న్యాయం పాటిస్తారు. యూరియా బస్తాను, కాళ్లు కట్టిన నాటుకోడిని మనుషుల్లో లెక్కేయరు.

నాలుగోది బర్రె. దానికి హారన్ వినపడుతుంది, పట్టింపు ఉండదు.

బండి నంబర్లు చూస్తే జిల్లా చరిత్ర తెలుస్తుంది. ఖమ్మం జిల్లా పాత బండి ఏపీ 20. 2014లో తెలంగాణ వచ్చాక కొన్నది టీఎస్ 04. 2016 అక్టోబరు 11న కొత్త జిల్లా ఏర్పడ్డాక టీఎస్ 28. 2024 మార్చి నుంచి టీజీ 28. ఇల్లు మారకుండానే ఒక కుటుంబం వాకిట్లో నాలుగు రకాల నంబర్లు పోగుపడవచ్చు. సరిహద్దు దాటొచ్చిన ఏపీ 39 కారును చూసి "ఆంధ్రా బండిరా" అనేవాడు ఏపీ 20 మీద కూర్చునే ఆ మాట అంటాడు.

ఇక మర్యాదలు మూడు. సైడ్ స్టాండు తీయనివాడికి "అన్నా, స్టాండు!" అని అరవాలి. చక్రంలో పడబోయే చున్నీని చూస్తే "అక్కా, చున్నీ!" అనాలి. పగలు లైటు వెలుగుతుంటే వేళ్లు మూసి తెరిచి సైగ చేయాలి. 2017 ఏప్రిల్ నుంచి కొత్త ద్విచక్ర వాహనాలకు ఇంజన్ తిరిగినంతసేపూ లైటు వెలగాలన్న నిబంధన ఉంది. ఆర్పుదామంటే మీటే ఉండదు. అయినా సైగ ఆగలేదు. బండివాడు తల ఊపి, లైటుతోనే ముందుకు సాగుతాడు.

నగరం ఈ మర్యాదల్లో ఒక్కదాన్ని భద్రంగా నిలుపుకుంది. హైదరాబాద్ అమీర్‌పేటలో జానెడు దారి వదలనివాడు సైతం, ముక్కూ మొహం తెలియని మనిషిని వంద గజాలు వెంటాడి "అన్నా, స్టాండు!" అని చెబుతాడు. చెప్పిన మరుక్షణం అదే అన్నకు అడ్డంగా కోసుకుపోతాడు.